శుక్రవారం కాదమ్మా, బుధవారం అడగండి

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 34 ఏళ్ళు. మా పుట్టిల్లు మదనపల్లె. పెళ్ళయ్యాక పదేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాం. ఇల్లు మున్నెకొళాలలో, ఆఫీసు ఔటర్ రింగ్ రోడ్డు మీద బెళ్ళందూరు దగ్గర. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ టెస్టింగ్ టీమ్‌లో ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను, ఏడాదికి 15 లక్షలు. మావారిది కూడా సాఫ్ట్‌వేరే. బాబు రెండో తరగతి. అత్తయ్యగారు మాతోనే ఉంటారు.

వచ్చే నెల నుంచి ఇష్టమున్నవాళ్ళు వారానికి నాలుగు రోజులే పనిచేయొచ్చని మా కంపెనీ చెప్పింది. రెండు రకాలు పెట్టారు. మొదటిది, రోజుకు పది గంటల చొప్పున నాలుగు రోజులు, జీతం ఇప్పుడెంతో అంతే. రెండోది, రోజుకు ఎనిమిది గంటలే, జీతం 80 శాతం. సెలవు ఏ రోజో మనమే చెప్పుకోవచ్చు. నేను శుక్రవారం అనుకుంటున్నా. మావారు ‘రెండోది తీసుకో, ఇంట్లో ఒకరుండాలి కదా’ అంటున్నారు. అత్తయ్యగారు ‘వారంలో మూడు రోజులు ఇంట్లోనే ఉంటావుగా, పనమ్మాయికి ఇంక అంత జీతం ఎందుకు’ అన్నారు. మదనపల్లెలో అమ్మ ఒక్కతే ఉంటుంది, మోకాళ్ళ నొప్పులు. నెలకోసారైనా వెళ్ళి రావాలని ఉంది. మా టీమ్‌లో మగవాళ్ళెవరూ దీనికి పేరివ్వలేదు, అదో భయం. ఏది తీసుకోమంటారు? అసలు వద్దంటారా?

— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు నాకు కనబడింది మీ పనమ్మాయి. కంపెనీ ఇంకా ఆ సెలవు ఇవ్వనేలేదు, ఇంట్లో అప్పుడే దాన్ని ఖర్చు పెట్టేశారు.

జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. రెండోది ఇప్పుడు వద్దు. మొదటిది మూడు నెలలు తీసుకుని చూడండి. అదీ శుక్రవారం కాదు, బుధవారం. పనమ్మాయి ఉండాలి, జీతం ఒక్క రూపాయి తగ్గకూడదు.

నాలుగు రోజుల వారం అనగానే అందరూ బ్రిటన్ సంగతి ఎత్తుతారు. మీ హెచ్‌ఆర్ వాళ్ళు కూడా ఎత్తే ఉంటారు. 2022 జూన్ నుంచి డిసెంబరు దాకా అక్కడ 61 సంస్థలు దాదాపు 2,900 మంది ఉద్యోగులతో దీన్ని నడిపి చూశాయి. గడువు అయ్యాక 56 సంస్థలు కొనసాగిస్తామన్నాయి. పనితో విసిగి వేసారిపోయే తీరు 71 శాతం మందిలో తగ్గింది. ఉద్యోగం మానేసి పోయేవాళ్ళు సగానికి పైగా తగ్గారు. అన్నీ నిజమే. కాకపోతే అక్కడివాళ్ళకు ఇచ్చింది పూర్తి జీతం, తక్కువ గంటలు. మీకిచ్చిన రెండు రకాల్లో ఏదీ అది కాదు. మొదటిదాంట్లో గంటలు తగ్గలేదు, రెండోదాంట్లో జీతం తగ్గింది. ఒకే పేరు పెట్టుకుని మూడు వేరువేరు సరుకులు తిరుగుతున్నాయి, మనం సంచిలో ఏది పడిందో చూసుకోవాలి.

ఐస్‌లాండ్‌ది ఇంకో తమాషా. 2015 నుంచి 2019 వరకు అక్కడ దాదాపు 2,500 మందికి వారానికి 40 గంటల పనిని 35, 36 గంటలకు తగ్గించారు. అది చాలా చోట్ల ‘నాలుగు రోజుల వారం’ అని ప్రచారమైంది. లెక్క చూస్తే రోజుకు ఓ గంట లోపు తగ్గడమే! జపాన్‌లో మైక్రోసాఫ్ట్ 2019 ఆగస్టులో శుక్రవారాలన్నీ సెలవిస్తే పని 40 శాతం పెరిగిందన్నది కూడా వినే ఉంటారు. ఒక్క నెల ముచ్చట అది. కొత్త కోడలు మొదటి నెల చేసిన వంటలా ఉంటుంది, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

మీ మొదటి రకానికి అసలు చుట్టం అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉంది. 2008లో అక్కడి ప్రభుత్వ ఉద్యోగులకు సోమవారం నుంచి గురువారం దాకా రోజుకు పది గంటలు పెట్టి, శుక్రవారం ఆఫీసులు మూసేశారు. కరెంటు ఖర్చు తగ్గుతుందని ఆశ. ఉద్యోగుల్లో చాలామందికి నచ్చింది. పని మీద శుక్రవారం వచ్చిన జనానికి మాత్రం తాళం కనబడింది, ఆదా కూడా అనుకున్నంత కాలేదు. 2011లో మళ్ళీ ఐదు రోజులకు వచ్చేశారు. బెల్జియంలో 2022లో వచ్చిన చట్టం కూడా ఈ బాపతే. గంటలు అన్నే, కావాలంటే నాలుగు రోజుల్లో కుదించుకోమని అడిగే హక్కు ఉద్యోగికి ఇచ్చింది. అంత దూరం ఎందుకు, మన బ్యాంకుల సంఘాలు అన్ని శనివారాలూ సెలవు కావాలని అడిగినప్పుడు రోజుకు 40 నిమిషాలు ఎక్కువ పనిచేస్తామని వాళ్ళే ముందుకొచ్చారు. సెలవు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట నుంచి కోసి తేవాల్సిందే. మీ ఇంట్లో ఎక్కడి నుంచి కోస్తున్నారో చూద్దాం.

ఇప్పుడు మీరు తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఉండి, మధ్యలో గంట భోజనం, టీ పోను, ఆరున్నరకు బయటపడుతున్నారనుకుందాం. మారతహళ్ళి బ్రిడ్జి దాటి ఇల్లు చేరేసరికి ఏడున్నర. అదే తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి పది గంటలంటే బయటపడేది ఎనిమిదిన్నరకు, ఇల్లు చేరేది తొమ్మిది దాటాక. బాబు అప్పటికి పడుకుని ఉంటాడు. హోంవర్క్ నోటు బల్ల మీద తెరిచి ఉంటుంది, పక్కన సగం తిన్న చపాతీ. వారంలో నాలుగు రాత్రులు ఆ నోటును చూస్తారు, బాబును చూడరు. ఒక్క పగలు దొరికిందని సంతోషించే ముందు ఈ నాలుగు రాత్రుల సంగతి తేల్చుకోవాలి.

అందుకని వేళలు వెనక్కి జరపండి. ఏడున్నరకు ఆఫీసులో ఉండి ఆరున్నరకు లేవండి. ఏడింటి రింగ్ రోడ్డు, తొమ్మిదింటి రింగ్ రోడ్డు ఒక్కటి కావు, అది మీకు నేను చెప్పక్కర్లేదు. వచ్చేటప్పుడు రద్దీ తప్పదు గానీ కనీసం ఏడున్నరకు ఇంట్లో ఉంటారు, ఇప్పటిలాగే. అయితే దీనికి ఒక చిక్కు ఉంది. పొద్దున బాబుకు స్నానం, డబ్బా, స్కూలు బస్సు ఎక్కించడం మీవారి మీద పడుతుంది. నాలుగు రోజులూ ఆయనే. ‘ఇంట్లో ఒకరుండాలి కదా’ అన్నారు చూశారా, ఆ మాట మీద ఆయన ఎంత గట్టిగా నిలబడతారో అక్కడ తెలుస్తుంది. ఒప్పుకోకపోతే మొదటి రకం కూడా వద్దు, ఐదు రోజులే హాయి.

రాత్రి తొమ్మిదింటికి అమెరికా వాళ్ళతో కాల్స్ ఉంటాయా మీకు? టెస్టింగ్ అంటున్నారు కాబట్టి ఉండే ఉంటాయి. ఆ ముప్పావు గంట పది గంటల్లో కలుస్తుందో, పైన పడుతుందో అడగండి. నేను చూసినంతలో ఎవరూ అడగరు, అది పైనే పడుతుంది.

ఇక రెండో రకం. 80 శాతం అనగానే అయిదో వంతు పోయిందని గుండె జారుతుంది. చేతికొచ్చేదాంట్లో అంత పోదు, ఆ మాట కూడా చెప్పాలి. పీఎఫ్ లాంటివి పక్కన పెట్టి, 2025-26లో వచ్చిన కొత్త పన్ను శ్లాబుల ప్రకారం చూద్దాం. 15 లక్షల మీద స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే పన్ను, సెస్సు కలిపి 97,500 పడుతుంది. జీతం 12 లక్షలైతే పన్ను సున్నా. అంటే మూడు లక్షలు తగ్గినా, పన్ను మిగిలింది కాబట్టి నిజంగా చేతిలోంచి పోయేది 2,02,500. నెలకు దాదాపు 16,900. ఇరవై శాతం కాదు, పధ్నాలుగు చిల్లర. ఇంత దాకా మీవారి లెక్క బాగానే ఉంది.

ఆయన చూడనిది గ్రాట్యుటీ. ఉద్యోగం వదిలే నాటికి చివరగా తీసుకున్న జీతాన్ని బట్టి, నెలంటే 26 రోజుల లెక్కన అందులో పదిహేను రోజుల వేతనాన్ని మొత్తం సర్వీసు ఏళ్ళతో హెచ్చవేసి ఇస్తారు. ఆ జీతం అంటే ప్రధానంగా బేసిక్, అయితే 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం మొత్తం జీతంలో కనీసం సగం లెక్కలోకి తీసుకోవాలి. మీకు ఆ సగం నెలకు 62,500 అనుకోండి, ఎనిమిదేళ్ళకు 2,88,462 వస్తుంది. 80 శాతంలో ఉండగా అది 50 వేలకు దిగి, అదే సమయంలో రాజీనామా చేశారా, ఎనిమిదేళ్ళకూ ఆ 50 వేల మీదే కడతారు: 2,30,769. ఎనిమిదేళ్ళు ఐదు రోజులూ పనిచేసిన కష్టానికి కూడా నాలుగు రోజుల ఖరీదే. పైగా కొత్త కంపెనీకి వెళ్తే వాళ్ళు అడిగేది చివరి మూడు నెలల పేస్లిప్పులు. ‘అది నాలుగు రోజుల జీతమండీ’ అని మీరు ఎంత చెప్పినా హైక్ దాని మీదే లెక్కేస్తారు. ఇంటి లోనుకు బ్యాంకు చూసేదీ అదే.

డబ్బు కన్నా పెద్ద కారణం ఇంకోటుంది, అది నా సొంతది. మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు నేను ఇదే పని చేశాను. కంపెనీ పేరెందుకు గానీ, 80 శాతం జీతానికి నాలుగు రోజులు. నాకు పెద్ద ఉపకారం చేసినట్టు సంతకం పెట్టారు, నేనూ అలాగే తీసుకున్నాను. మొదటి శుక్రవారం ఫోన్ రాలేదు. రెండో శుక్రవారం ‘ఒక్క రెండు నిమిషాలు’ అంటూ వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి శుక్రవారం పదకొండున్నరకు రోజూ ఉండే మీటింగు నాకూ ఉండేది, స్టవ్ పక్కన ఫోన్ పెట్టుకుని. ఒకసారి మ్యూట్ చేయడం మరిచిపోయాను. కుక్కర్ మూడు కూతలు కూసింది. అవతల ఎవరో ‘పప్పు ఉడికినట్టుంది, మేడమ్’ అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి ఫోన్‌లో కాల్స్ చూసుకుంటే ఆ ఒక్క రోజు పధ్నాలుగు. నా పని తగ్గించి వేరేవాళ్ళకు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, జీతం తగ్గించాలన్నది మాత్రం వచ్చింది. ఆరు నెలలకు మళ్ళీ ఐదు రోజులకు మారిపోయాను. చేసేది ఎలాగూ ఐదు రోజుల పనే కదా!

కాబట్టి ఎప్పుడైనా 80 శాతం తీసుకోవాల్సి వస్తే, మీ పనిలో ఏ అయిదో వంతు ఎవరికి వెళ్తుందో పేరుతో సహా మెయిల్‌లో ఉండాలి. ఆ పేరు లేకపోతే పని ఎక్కడికీ పోనట్టే.

శుక్రవారం ఎందుకు వద్దన్నానో చెప్తాను. మన ఇళ్ళల్లో శుక్రవారం ఊరికే ఉండే రోజు కాదు. గడపకు పసుపు, ఇల్లంతా తడిగుడ్డ, తలంటు, దీపం, నైవేద్యానికి ఓ గిన్నెడు పరమాన్నం. ఇన్నాళ్ళూ ‘ఆఫీసుంది అత్తయ్యా’ అన్న మాట మీద అందులో సగం తప్పిపోతోంది. సెలవు పెట్టుకున్నారంటే ఆ సగమూ మీదే. శ్రావణమాసం శుక్రవారాల గురించి వేరే చెప్పాలా? పూజలంటే నాకు గిట్టక కాదు, నేనూ చేస్తాను. ఆఫీసుతో బేరమాడి తెచ్చుకున్న ఎనిమిది గంటలు అటే పోతాయని చెప్తున్నా. పైగా శుక్రవారం, శనివారం, ఆదివారం కలిస్తే మూడు రోజులు. మూడు రోజులు ఖాళీ అని తెలిస్తే చుట్టాలొస్తారు. మదనపల్లె నుంచి కాదు, మీవారి వైపు నుంచి.

బుధవారమైతే బాబు బడిలో, మీవారు ఆఫీసులో. అత్తయ్యగారికి అది మామూలు బుధవారమే, దానికంటూ ప్రత్యేకమైన పనేమీ లేదు. బ్యాంకు తెరిచి ఉంటుంది, పళ్ళ డాక్టరు దగ్గర జనం తక్కువ, ఆధార్‌లో అడ్రసు మార్చుకోవాలన్నా అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పది గంటల రోజులు వరసగా నాలుగు లాగడం వేరు, రెండు లాగి ఒకరోజు ఆగి మళ్ళీ రెండు లాగడం వేరు. నాలుగో రోజు సాయంత్రం మీరు చూసే టెస్ట్ కేసుల్లో ఎన్ని తప్పులు దొర్లుతాయో మీకే తెలుసు.

కొన్ని ఆఫీసుల్లో మంగళ, బుధ, గురు తప్పక రావాలన్న నియమం ఉంటుంది. మీదీ అలాంటిదైతే సోమవారం అడగండి. శుక్రవారం మాత్రం ఏదీ దొరక్కపోతేనే.

పనమ్మాయి విషయం అత్తయ్యగారితో మీరు కాదు, మీవారు మాట్లాడాలి. ‘అమ్మా, తనకు సెలవు రోజే గానీ ఆ ఎనిమిది గంటలూ మిగతా నాలుగు రోజుల్లో చేసే వస్తోంది’ అని ఆయన నోటితో రావాలి. మీరు చెప్తే అది వాదన అవుతుంది, కొడుకు చెప్తే సమాచారం అవుతుంది. అన్యాయమే, కానీ ఇళ్ళు అలాగే నడుస్తున్నాయి. ఒకమాట పనమ్మాయి లాంటివాళ్ళ వైపు నుంచి కూడా. మీకు ఐదు రోజులా నాలుగు రోజులా అన్న బేరమైనా ఉంది. మీ ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అన్నకు 12 గంటల డ్యూటీ. ఫ్యాక్టరీలకైతే 2023లో కర్ణాటక చట్టం మార్చి, వారానికి 48 గంటలు దాటకుండా రోజుకు 12 గంటల దాకా పనిచేయించే వీలిచ్చింది. నాలుగు పన్నెండులు నలభై ఎనిమిది. దాన్నీ నాలుగు రోజుల వారమనే అంటున్నారు!

మీ విషయంలో చట్టం మాట కూడా కొంచెం. దుకాణాలకూ ఆఫీసులకూ వర్తించే 1961 నాటి కర్ణాటక చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 అని రాసింది. ఆ తొమ్మిదిని పది చేద్దామని 2025లో ప్రభుత్వం ప్రతిపాదిస్తే ఐటీ ఉద్యోగుల సంఘం గట్టిగా వ్యతిరేకించింది. మీ పది గంటలు దేని కింద పెడుతున్నారో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా చెప్పమనడంలో తప్పు లేదు. గొడవకు కాదు. రేపు మేనేజర్ మారితే చూపించడానికి ఓ కాగితం ఉండాలి.

ఇంకో రెండు చిన్నవి, చిన్నవిగా కనబడతాయి గానీ నెల చివర కొరుకుతాయి. పండగ సెలవు మీ బుధవారం నాడే పడితే ఇంకో రోజు ఇస్తారా, పోయినట్టేనా? మీరు ఒకరోజు లీవు పెడితే ఖాతాలోంచి ఒక లీవు పోతుందా, పది గంటలని ఒకటింపావు పోతుందా? వీటిని చేరకముందే అడగాలి. చేరాక అడిగితే ‘పాలసీ చూడండి’ అంటారు.

మగవాళ్ళెవరూ పేరివ్వలేదన్న మీ భయం ఊరికే వచ్చింది కాదు. కుర్రవాళ్ళు వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు 2023లో అన్నప్పటి నుంచీ ఈ ఊళ్ళో ఎవరెన్ని గంటలు కూర్చుంటున్నారన్నది ఓ పోటీ అయింది. అలాంటి చోట ఆడవాళ్ళు మాత్రమే తీసుకునే సౌకర్యం ఏదైనా సరే, అప్రైజల్ గదిలో ‘ఆవిడ ఫ్యామిలీ సైడ్’ అన్న ముద్రగా మారుతుంది. దీనికి నేను చెప్పగలిగింది ఒకటే. మీ మేనేజర్‌ను ‘మీరు తీసుకుంటున్నారా’ అని మామూలుగా అడగండి. ఆయన తీసుకుంటే దిగులు లేదు. ‘నాకెక్కడ కుదురుతుందమ్మా’ అంటే, ఈ ఏడాది మీ టార్గెట్లు అంకెలతో మెయిల్‌లో తెప్పించుకోండి. మొదటి రకంలో మీ గంటలు అందరివీ ఎన్నో అన్నే, ఆ సంగతి అందులో ఓ వాక్యంగా ఉండాలి. 80 శాతంలో అయితే ఆ వాక్యం రాసుకునే వీలుండదు. దాన్ని వద్దనడానికి ఇదీ ఒక కారణమే.

మూడు నెలలు ఎందుకన్నానంటే, సరిపడుతుందో లేదో మొదటి నెలలో తెలియదు. ఫ్రిజ్ మీద ఓ క్యాలెండర్ తగిలించి ప్రతి బుధవారం గడిలో ఆ రోజు నిజంగా ఏం చేశారో నాలుగు మాటలు రాయండి. ‘నిద్ర’, ‘బ్యాంకు’, ‘బీరువా సర్దుడు’, ‘ఆఫీసు కాల్ రెండు గంటలు’, ఏదైతే అది. ఎవరికీ చూపించక్కర్లేదు, ఫ్రిజ్ మీదుంటే వాళ్ళే చూస్తారు. పన్నెండు గడుల్లో ఏడెనిమిది ఇల్లో ఆఫీసో తినేసినట్టు కనబడితే ఐదు రోజులకు తిరిగి వెళ్ళిపోండి. తిరిగి వెళ్ళే వీలు ఉందా, ఎన్నాళ్ళ ముందు చెప్పాలి అన్నదీ ఆ మెయిల్‌లోనే అడిగేయండి.

అమ్మగారి సంగతి. నెలకు ఒక్క వారం బుధవారం బదులు శుక్రవారానికి మార్చుకునే వీలు కావాలని ముందే రాయించుకోండి. గురువారం రాత్రి పది గంటల డ్యూటీ దిగి బస్సెక్కే సాహసం వద్దు. రాత్రి నిద్రపోయి, శుక్రవారం పొద్దున ఆరింటికి టిన్ ఫ్యాక్టరీ దగ్గర మదనపల్లె బస్సు పట్టుకోండి. హోసకోట దాటే వరకే ట్రాఫిక్ బాధ. చింతామణి దగ్గర ఓ కాఫీ తాగినా పది, పదిన్నరకల్లా అమ్మ దగ్గర ఉంటారు. మోకాళ్ళ డాక్టరు దగ్గరికి శనివారం కన్నా శుక్రవారమే వెళ్ళడం మంచిది. పరీక్షలేమైనా రాస్తే రిపోర్టులు చూపించడానికి మర్నాడు ఉంటుంది. బాబును వెంట తీసుకెళ్ళాలంటే స్కూలు పోతుంది కాబట్టి వాణ్ణి వాళ్ళ నాన్న దగ్గరే వదలండి. ఆ రెండు రోజులూ ఇంట్లో ఒకరుంటారు కదా.